మోంటానా ఇచ్చిన సీటు, జానెట్ వేసిన ఓటు

1941 డిసెంబరు 8 మధ్యాహ్నం. జపాన్ మీద యుద్ధం ప్రకటించే తీర్మానానికి అమెరికా ప్రతినిధుల సభలో 388 మంది అవునన్నారు. ఒక్కరు కాదన్నారు. సెనేట్‌లో పడిన 82 ఓట్లూ యుద్ధానికే పడ్డాయి. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి అప్పటికి ఒక్కరోజే అయింది. కాదన్న ఆ ఒక్కరి పేరు జానెట్ ర్యాంకిన్. వయసు 61. మోంటానా రాష్ట్రం నుంచి గెలిచిన రిపబ్లికన్. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాలని 1917లో ఇదే సభ నిర్ణయించినప్పుడు కూడా ఆమె కాదనే అంది. అమెరికా ఆ రెండు యుద్ధాల్లో దిగడానికీ ఎదురు ఓటు వేసిన సభ్యులు ఆమె తప్ప ఇంకొకరు లేరు.

విశాఖపట్నంలో ఒక మేనమామకీ మేనకోడలికీ మధ్య ఈ ఓటు గురించి పెద్ద వాదన నడిచింది. ఆయన సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. 1971లో తూర్పు సరిహద్దులో యుద్ధం చేసినవారు. ఆమె డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతుంది. ర్యాంకిన్ గురించి ఇద్దరూ బాగా చదివారు. కాబట్టి ఇది తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ మధ్య జరిగిన వాదన కాదు.

“ఆ సీటు ఆవిడ సొంత ఆస్తి కాదమ్మా, మోంటానా ప్రజలది,” అని మొదలుపెట్టారు మేనమామ. “ఓటు వేసి బయటికి రాగానే సొంత తమ్ముడు వెల్లింగ్టన్ ఏమని కబురు పెట్టాడు? మోంటానా నూటికి నూరుపాళ్లూ నీకు వ్యతిరేకంగా ఉందన్నాడు. దేశం మీద దాడి జరిగింది. పంపినవాళ్లు ఒకటి కోరుతున్నారు, ఈవిడ ఇంకొకటి చేసింది. మనస్సాక్షి పేరు చెప్పి ఇంకొకరి ఓటు తను వేసేసింది.”

“అయితే ఆ సీటు ఎలా వచ్చిందో అక్కణ్నుంచే చూద్దాం మామయ్యా,” అంది మేనకోడలు. “మీరు 1941 దగ్గర మొదలుపెడితే ఆవిడ ఒక మొండి మనిషిగా కనిపిస్తుంది. 1916 దగ్గర మొదలుపెడితే ఇంకోలా కనిపిస్తుంది.”

ర్యాంకిన్ 1880లో మిజూలా ఊరికి దగ్గర్లో పుట్టింది. మోంటానా అప్పటికింకా రాష్ట్రం కూడా కాలేదు. తండ్రి కెనడా నుంచి వచ్చి స్థిరపడిన వడ్రంగి, పశువుల క్షేత్రం యజమాని. తల్లి బడిపంతులుగా పనిచేసింది. తోడబుట్టినవాళ్లలో జానెటే పెద్దది. 1902లో జీవశాస్త్రంలో డిగ్రీ తీసుకుంది, కొన్నాళ్లు పాఠాలు చెప్పింది, న్యూయార్క్ వెళ్లి సామాజిక సేవలో శిక్షణ పొందింది. అనాథ పిల్లల మధ్య పనిచేస్తున్నప్పుడే, చట్టం మారకుండా ఈ పిల్లల బతుకు మారదని ఆమెకు అర్థమైంది. 1910లో వాషింగ్టన్ రాష్ట్రంలో మహిళల ఓటు హక్కు ఉద్యమంలో పనిచేసింది. అక్కడ గెలిచారు. సొంత రాష్ట్రానికి తిరిగొచ్చి 1911లో మోంటానా శాసనసభ ముందు నిలబడి మాట్లాడింది. గనుల ఊళ్లూ పొలాలూ రైల్వే స్టేషన్లూ తిరిగింది. 1914 నవంబరులో మోంటానా మగవాళ్లు ఓటు వేసి ఆడవాళ్లకు ఓటు ఇచ్చారు. దేశమంతటా ఆ హక్కు రావడానికి ఇంకా ఆరేళ్లు పట్టింది.

“1916లో మోంటానాకి ప్రతినిధుల సభలో రెండు సీట్లు. రెండింటికీ కలిపి రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరూ గెలిచినట్టు,” అని వివరించింది మేనకోడలు. “డెమొక్రాట్ జాన్ ఎవాన్స్ మొదట వచ్చాడు. ఈవిడ రెండో స్థానం. ఓడిపోయిందని తొలుత కొన్ని పత్రికలు రాసేశాయి కూడా. మారుమూల ఓట్లు లెక్కకొచ్చాక గెలిచిందని తేలింది. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి స్త్రీ. అప్పటికి చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకి ఓటే లేదు.”

“గెలిచిందని నేనూ ఒప్పుకుంటాను. ఎన్నికల ఖర్చూ నడిపించిన తెలివీ తమ్ముడివి, అది కూడా చెప్పు. గెలిచాక ఏంచేసింది?”

గెలిచాక ఆమె సభలో ప్రమాణం చేసింది 1917 ఏప్రిల్ 2న. ఆ సాయంత్రమే అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వచ్చి జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని అడిగాడు. సభ్యురాలిగా ఆమె ఎదుర్కొన్న మొదటి పెద్ద ప్రశ్న అది, వచ్చిన రోజే. నాలుగు రోజుల తర్వాత, గుడ్‌ఫ్రైడే తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఓటింగ్ జరిగింది. మొదటిసారి పేరు పిలిచినప్పుడు ఆమె పలకలేదు. రెండోసారి పిలిచినప్పుడు లేచి నిలబడి, దేశం పక్కన నిలబడాలని ఉంది కానీ యుద్ధానికి మాత్రం ఓటు వేయలేనని చెప్పింది. ఓటు వేసేటప్పుడు కారణం చెప్పకూడదన్నది సభ ఆనవాయితీ. ఆమె దాన్ని పక్కన పెట్టింది. ఫలితం 373కి 50. సభలో డెమొక్రాట్ల నాయకుడు క్లాడ్ కిచిన్ కూడా ఆ 50 మందిలో ఉన్నాడు. మర్నాడు పత్రికలు మాత్రం ఏడ్చిందని ఈమె గురించే రాశాయి. మిగతా 49 మంది మగవాళ్ల కళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. సహ సభ్యుడు ఫియొరెల్లో లగార్డియాను అడిగితే, తన కళ్లలోనే నీళ్లున్నాయి కాబట్టి ఆమె ఏడ్చిందో లేదో తనకు కనబడలేదన్నాడట.

“1917 ఓటుని నేను తప్పుపట్టను,” అన్నారు మేనమామ. “ఆ యుద్ధంలోకి అమెరికా దిగాలా వద్దా అన్నది నిజంగా తేలని ప్రశ్నే. యాభై మంది ఒప్పుకోలేదు. కానీ ఒక మాట చెప్పు. అదే ఏడాది డిసెంబరులో ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధం ప్రకటించినప్పుడు ఈవిడ ఎటు వేసింది?”

మేనకోడలు వెంటనే జవాబివ్వలేదు. మేయర్ లండన్ అనే సోషలిస్టు సభ్యుడు ఒక్కడే ఆ రోజు కాదన్నాడు. ర్యాంకిన్ అవుననే వేసింది. యుద్ధం ఇప్పటికే జరుగుతోంది, ఇది దాని కొనసాగింపేనన్నది ఆమె వాదం.

“అది ఆవిడ కథలో ఇమడని ఓటే,” అని ఒప్పుకుంది చివరికి. “ఆ రోజు మేయర్ లండన్ నిలబడ్డ చోట ఈవిడ నిలబడలేదు. ఈవిణ్ని దేవతని చేసేవాళ్లు ఆ ఓటు గురించి మాట్లాడరు. నేను మాట్లాడతాను. ఎందుకంటే నాకు కావలసింది దేవత కాదు మామయ్యా, శాసనసభ్యురాలు. ఆ రెండేళ్లలో ఈవిడ చేసిన మిగతా పని చూడండి.”

నిజానికి ర్యాంకిన్ జీవితంలో అందరూ తక్కువగా చెప్పుకునేది ఈ భాగమే. అన్నిటికన్నా నిలిచి చూడాల్సిందీ ఇదే.

మోంటానాలో బ్యూట్ అనే రాగి గనుల ఊరు ఉంది. 1917 జూన్ 8 రాత్రి అక్కడి స్పెక్యులేటర్ గనిలోకి దింపుతున్న కరెంటు కేబుల్ జారి పడింది. చూడ్డానికి దిగిన ఒక అధికారి చేతి కార్బైడ్ దీపం తగిలి కేబుల్ చుట్టూ ఉన్న పూత అంటుకుంది. గనిలోకి గాలి వెళ్లే దారే పొగగొట్టమైంది. 168 మంది చనిపోయారు. తప్పించుకోవడానికి పరిగెత్తిన కొందరు గనిలో అడ్డంగా కట్టిన కాంక్రీటు గోడల దగ్గర పడిపోయి కనిపించారు. ఆ గోడలకు తలుపుల్లేవు. మిగిలిన కార్మికులు సమ్మెకు దిగారు. కూలి ఎంతన్నది ఒక్కటే వాళ్ల గొడవ కాదు. గనిలో పని దొరకాలంటే ముందు కంపెనీ ఇచ్చే అనుమతి కార్డు ఉండాలి. సంఘంలో చేరినవాడికి ఆ కార్డు దొరకదు. ఆగస్టు 1న ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ని ముసుగులు వేసుకున్న మనుషులు అతనుంటున్న గదిలోంచి లాక్కెళ్లి రైల్వే వంతెనకి ఉరితీశారు. హంతకులెవరో ఎన్నడూ తేలలేదు.

ఆ పరిస్థితిలో ర్యాంకిన్ ఆ ఊరు వెళ్లింది. రాష్ట్రంలో ఎక్కువ పత్రికలు అనకొండ రాగి కంపెనీ చేతిలో ఉన్నాయి. చాలామంది రాజకీయ నాయకుల మాటా కంపెనీ మాటే. ఆ సంగతి ఆమెకు పుట్టుకతోనే తెలుసు. అయినా వేలమంది కార్మికుల ముందు నిలబడి మాట్లాడింది. అనుమతి కార్డుల పద్ధతి పోవాలని సభలో అడిగింది. అవసరమైతే గనుల్ని ప్రభుత్వమే నడిపే అధికారం అధ్యక్షుడికి ఇవ్వాలని తీర్మానం పెట్టింది. ఆ తీర్మానం నెగ్గలేదు.

“అంటే, యుద్ధానికి ఓటు వేయకపోయినా యుద్ధానికి కావలసిన రాగి గురించి మాత్రం పట్టించుకుంది,” అన్నారు మేనమామ. ఆ మాటలో ఆయన గొంతు కాస్త మెత్తబడింది. గనుల్లో చావడమంటే ఏమిటో సింగరేణిలో పనిచేసిన సిపాయిల ఇళ్ల నుంచి ఆయనకు తెలుసు.

“రాగి తీసేవాళ్ల గురించి,” అని సర్దింది మేనకోడలు. ఇక వాషింగ్టన్ నగరంలో నోట్లు అచ్చువేసే ప్రభుత్వ కార్యాలయంలో ఆడవాళ్లతో రోజుకి పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకుమించి పని చేయించుకుంటున్నారని ర్యాంకిన్‌కి ఫిర్యాదు వచ్చింది. ఆమె విచారణ చేయించి, ఆ నివేదికతో గొడవ పెట్టింది. కొద్ది వారాల్లోనే అక్కడ ఎనిమిది గంటల పనిదినం మళ్లీ అమలైంది. గర్భిణులకూ పసిపిల్లలకూ వైద్య సలహా అందించడానికి కేంద్రం డబ్బివ్వాలని ఆమె పెట్టిన బిల్లు అప్పుడు ముందుకు సాగలేదు. అదే ఆలోచన 1921లో షెపర్డ్-టౌనర్ చట్టంగా వచ్చింది. అప్పటికి ఆమె సభలో లేదు.

ఇక మహిళల ఓటు హక్కు సవరణ. 1918 జనవరి 10న సభలో ఆ చర్చను మొదలుపెట్టింది ర్యాంకినే. రాజ్యాంగం మార్చాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. టెనెసీకి చెందిన థీటస్ సిమ్స్ విరిగిన భుజానికి కట్టు కట్టించుకోకుండా వచ్చాడు, స్పృహ తప్పితే ఓటు పోతుందని. మరో సభ్యుడు జేమ్స్ మాన్ ఆసుపత్రి మంచం మీంచి లేచి వచ్చాడు. న్యూయార్క్ సభ్యుడు ఫ్రెడరిక్ హిక్స్ చావుబతుకుల్లో ఉన్న భార్యని వదిలి వచ్చాడు. వెళ్లమని చెప్పింది ఆవిడే. ఓటు వేసి తిరిగి వెళ్లింది ఆవిడ అంత్యక్రియలకే. ఫలితం 274కి 136. సరిగ్గా కావలసినన్ని. సెనేట్ మాత్రం ఒప్పుకోలేదు. 1919లో రెండు సభలూ సవరణను ఆమోదించేనాటికి దేశంలో మొదటి మహిళా సభ్యురాలి పదవీకాలం ముగిసిపోయింది.

“ఎందుకు ముగిసిందో చూడండి,” అంది మేనకోడలు. “1917లో మోంటానా శాసనసభ రాష్ట్రాన్ని రెండు నియోజకవర్గాలు చేసింది. ఈవిడ ఊరు డెమొక్రాట్లు బలంగా ఉన్న పడమటి భాగంలో పడింది. రాష్ట్రమంతా కలిసి ఇద్దర్ని ఎన్నుకుంటేనే ఈవిడ గెలవగలదు. ఆ దారి మూసేశారు. వేరే గతిలేక 1918లో సెనేట్‌కి పోటీచేసింది. పార్టీ టికెట్టు స్వల్ప తేడాతో పోయింది. చిన్న పార్టీ తరఫున నిలబడి మూడో స్థానంలో ఆగింది. మామయ్యా, మీరు సీటు మోంటానా ప్రజలదన్నారు కదా. ఆ సీటుని ప్రజలు తీసుకోలేదు. గీతలు గీసినవాళ్లు తీసుకున్నారు.”

“అది అన్యాయమే,” అన్నారాయన. “కానీ అది 1918. నేనడుగుతున్నది 1941.”

మధ్య ఇరవై ఏళ్లూ ర్యాంకిన్ ఊరికే కూర్చోలేదు. 1919లో జ్యూరిక్‌లో జరిగిన మహిళా శాంతి సమావేశానికి శాంతి ఉద్యమ నాయకురాలు జేన్ ఆడమ్స్‌తో కలిసి వెళ్లింది. జార్జియాలో కొద్దిపాటి పొలం కొనుక్కుని కరెంటు లేని ఇంట్లో ఉంది. యుద్ధాల్ని నివారించే సంస్థ తరఫున పదేళ్లు కాంగ్రెస్ గుమ్మాలు ఎక్కి దిగింది. 1940లో మళ్లీ మోంటానా నుంచి పోటీ చేసింది. యూదుల మీద బాహాటంగా విషం కక్కే జేకబ్ థోర్కెల్సన్‌ని పార్టీ ఎన్నికలోనే ఓడించి, ఆపైన సీటు గెలిచింది. యుద్ధానికి ఓటు వేయనని ఊరూరా చెప్పి మరీ గెలిచింది.

“అదీ నేను చెప్పేది,” అంది మేనకోడలు. “దాచి గెలవలేదు. తన మాట తెలిసే మోంటానా పంపింది.”

“పంపినరోజు పెర్ల్ హార్బర్ లేదు. పరిస్థితి మారితే ప్రజల మాట మారుతుంది, ప్రతినిధి దాన్ని వినాలి,” అన్నారు మేనమామ. “నీకొక తేదీ చెబుతాను. 1917లో ఈవిడ మొదటిసారి కాదన్నది ఏప్రిల్ 6. సరిగ్గా పాతికేళ్లకి, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా అమ్మకి అప్పుడు పన్నెండేళ్లు. సామాన్లు బండికెత్తి పల్లెకి పోయామని చెబుతూ ఉండేది. ఆ విమానాల్ని సముద్రంలో ఆపింది ఎవరమ్మా? ఆరోజు అవునన్న 388 మంది ఓట్లతో కదిలిన ఓడలే జపాన్ నౌకాదళాన్ని విరిచాయి. అందరూ ఆవిడలాగే వేసుంటే మా అమ్మ ఏ రోడ్డు మీద ఉండేదో. నూట ఒక్కమంది మోస్తున్న పల్లకీ మీద కూర్చుని నేను మోయనని చెప్పినట్టుంది ఆ ఓటు.”

మేనకోడలు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. తీసుకోకూడదు కూడా. శాంతి వాదులు జవాబు వెతుక్కోవాల్సిన ప్రశ్న ఇదే. హిట్లర్ విషయంలోనూ జపాన్ సైనిక పాలకుల విషయంలోనూ ర్యాంకిన్ అంచనా తప్పిందని ఈ సంవాదం రాస్తున్నవారి అభిప్రాయం కూడా. జపాన్ మీద ఓటు జరిగిన మూడు రోజుల తర్వాత జర్మనీ, ఇటలీల మీద తీర్మానం వచ్చినప్పుడు ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. హాజరని మాత్రం చెప్పి ఊరుకుంది.

“ఓటు తప్పని మీరంటే నేను గట్టిగా కాదనలేను,” అంది మేనకోడలు నెమ్మదిగా. “1942 డిసెంబరులో ఈవిడ సభ రికార్డుకెక్కించిన పత్రం ఇంకా నచ్చదు నాకు. అధ్యక్షుడు రూజ్‌వెల్టే జపాన్‌ని రెచ్చగొట్టి దాడి చేయించుకున్నాడన్న అర్థం వచ్చేలా రాసింది. దాన్ని నేను సమర్థించను. కానీ డిసెంబరు 8న సభలో జరిగింది కూడా చూడండి. ఆవిడ డెట్రాయిట్ వెళ్లే రైలెక్కింది ముందురోజు. ఓటింగ్ ఉంటుందని తెలిసి పిట్స్‌బర్గ్‌లో దిగి వెనక్కి వచ్చింది. తప్పించుకోవాలనుకుంటే రైల్లోనే ఉండిపోవచ్చు. సభలో మాట్లాడతానని లేస్తే స్పీకర్ సామ్ రేబర్న్ అవకాశం ఇవ్వలేదు. మళ్లీ లేచింది. నిబంధనలకి విరుద్ధమన్నాడు. కూర్చోమని అరిచారు. లక్షల మందిని చావు ముందుకి పంపే తీర్మానం అది. గంట కూడా పట్టలేదు. 388 మంది పక్కనున్నా ఆ ఒక్కరి నోట రెండు మాటలు వినడానికి ఆ సభ భయపడింది.”

“శత్రువు మీదపడ్డప్పుడు ఉపన్యాసాలు వింటూ కూర్చోవాలా?”

“మీరు సైన్యంలో చేశారు. వెళ్లమని ఆజ్ఞ ఇచ్చినవాళ్లు ఎదురు మాట విన్నాకే ఇచ్చారని తెలిస్తే మీకు నయమా, వినకుండా ఇచ్చారని తెలిస్తే నయమా?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. “విన్నాకే,” అన్నారు. “అయినా నేను 388లోనే ఉండేవాణ్ని.”

ఓటు అయ్యాక జనం చుట్టుముట్టడంతో ర్యాంకిన్ ఒక టెలిఫోన్ గదిలోకి దూరి తలుపు వేసుకుంది. పోలీసులు వచ్చి ఆఫీసు దాకా తోడు వెళ్లారు. ఒక ఆడదానిగా తను యుద్ధానికి వెళ్లే వీల్లేదు కాబట్టి ఇంకొకర్ని పంపడానికి ఒప్పుకోనన్నది ఆమె చెప్పిన కారణం. మేనమామకి ఆ కారణం ఏమాత్రం నచ్చలేదు. ఓటు అడిగేటప్పుడు ఆడా మగా సమానమని, యుద్ధం వచ్చేసరికి ఆడదాన్ని అనడం కుదరదన్నారు. ఈ ఒక్కచోట మేనకోడలు పూర్తిగా ఆయన పక్షానే నిలబడింది.

1942లో ర్యాంకిన్ తిరిగి పోటీ చేయలేదు. ఆ సీటులో మైక్ మాన్స్‌ఫీల్డ్ గెలిచాడు. 1946లో ఆమె మొదటిసారి భారతదేశం వచ్చింది. తర్వాతి పాతికేళ్లలో మొత్తం ఏడుసార్లు వచ్చింది, గాంధీ పద్ధతుల్ని దగ్గరుండి తెలుసుకోవాలని. గాంధీని కలవడం మాత్రం జరగలేదు.

“ఆ గాంధీగారే 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమన్నారు,” అని గుర్తుచేశారు మేనమామ.

“చేరమన్నారు. దాదాపు ఎవరూ చేరలేదు,” అంది మేనకోడలు. “అది ఆస్ట్రియా-హంగరీ ఓటు లాంటిదే. ఇద్దరూ ఆ తర్వాతే గట్టిపడ్డారు. మీరు 1941 ఒక్కటే అడుగుతున్నారు. నన్ను 1964 అడగనివ్వండి. వియత్నాంలో బలప్రయోగానికి అధ్యక్షుడి చేతికి అధికారం ఇచ్చేసినప్పుడు ప్రతినిధుల సభలో ఒక్కరూ కాదనలేదు. సెనేట్‌లో ఇద్దరే కాదన్నారు. అది యుద్ధ ప్రకటన కూడా కాదు. 1942 తర్వాత అమెరికా కాంగ్రెస్ ఏ దేశం మీదా లాంఛనంగా యుద్ధం ప్రకటించలేదు, యుద్ధాలు మాత్రం చేస్తూనే ఉంది. 2001లో అలాంటి తీర్మానమే వస్తే 420 మందికి ఎదురుగా బార్బరా లీ ఒక్కతే నిలబడింది. ఆ తీర్మానం పేరు చెప్పి ఇరవై ఏళ్లు ఎన్ని దేశాల్లో బలగాలు దింపారో మీకు తెలుసు. ఒక్క ఓటు 1941లో తప్పు కావచ్చు. ఆ ఒక్క ఓటు వేసే అలవాటే లేకపోతే 1964 వస్తుంది.”

“1964 గురించి నీతో గొడవ లేదు,” అన్నారాయన.

1968 జనవరిలో, 87 ఏళ్ల వయసులో, ర్యాంకిన్ తన పేరుతోనే ఏర్పడ్డ దళానికి ముందు నడిచింది. వియత్నాం యుద్ధం ఆపమని వేలమంది ఆడవాళ్లు మంచులో కాంగ్రెస్ భవనం దగ్గరికి వెళ్లారు. వినతిపత్రం తీసుకున్నవాళ్లలో సెనేట్ మెజారిటీ నాయకుడు కూడా ఉన్నాడు. 1942లో ఆమె వదిలిన సీటులోకి వచ్చిన అదే మాన్స్‌ఫీల్డ్. 1973 మేలో 92 ఏళ్ల వయసులో ఆమె కాలిఫోర్నియాలో కన్నుమూసింది.

ఆఖరి ఏళ్లలో ఆమె యుద్ధం గురించి ఎంత మాట్లాడిందో ఎన్నికల పద్ధతి గురించీ అంతే పట్టుదలగా మాట్లాడింది. ఒక్కో నియోజకవర్గం నుంచి ఒక్కరే కాకుండా కొందరు గెలిచే పద్ధతి కావాలంది. తను 1916లో గెలిచినట్టుగా.

ఇది విన్నాక మేనమామ ముఖం వెలిగింది. “మన దగ్గర ఉండేదిగా! 1952లోనూ 1957లోనూ ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు ఉండేవి. పార్వతీపురం మాటేమిటి? ఒకటి గిరిజనులకి రిజర్వు చేసిన సీటు, ఒకటి అందరిదీ. 1957లో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులే గెలుచుకున్నారు. ఓడిపోయింది ఎవరనుకున్నావు, వి.వి. గిరి! తర్వాత రాష్ట్రపతి అయినాయన. రెండో సీటులో డిప్పల సూరిదొర ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గిరిజనుడికి ఎక్కువ ఓట్లు వస్తే ఆ సీటూ అతనిదేనని 1959లో కోర్టు తేల్చింది.”

“తర్వాత?”

“1961లో ఆ పద్ధతే రద్దయింది,” అన్నారు మేనమామ. “ఎవరు రద్దు చేయించారు, ఎందుకు చేయించారు అన్నది నువ్వు చెప్పాలి. అది నీ పాఠం.”

మోంటానా గీతల గురించి ఇందాక తను చెప్పిన మాటల్ని మేనకోడలు పార్వతీపురానికి అన్వయిస్తూ మళ్లీ మొదలుపెట్టింది. ఆయన ఒక్కో మాటకీ అడ్డుతగులుతూనే ఉన్నారు.